విపత్తు నిర్వహణలో డాక్టరేటు పరిశోధన: చారిత్రక పరిణామం

విషయక్రమం

1.0 లక్ష్యాలు
1.1 పరిచయం
1.2 హాలిఫాక్స్ పేలుడు: తొలి సిద్ధాంత గ్రంథం
1.3 గిల్బర్ట్ వైట్: వరదలు, కరకట్టలు
1.4 భయోత్పాతంపై పరిశోధన
1.5 దివిసీమ ఉప్పెన: దుర్బలత్వం అనే భావన
1.6 ప్రత్యేక అధ్యయన రంగంగా ఎదుగుదల
1.7 పరిశోధక విద్యార్థికి ఎదురయ్యేవి
1.8 సారాంశం
1.9 ముఖ్య పదాలు
1.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

1.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:

• విపత్తులు విశ్వవిద్యాలయ పరిశోధనకు అంశంగా మారిన క్రమాన్ని వివరించగలుగుతారు.
• శామ్యూల్ హెన్రీ ప్రిన్స్, గిల్బర్ట్ వైట్, ఎన్రికో క్వారంటెల్లి చేసిన కృషిని అంచనా వేయగలుగుతారు.
• ముప్పు, విపత్తు, దుర్బలత్వం అనే భావనల మధ్య తేడాను దివిసీమ ఉదాహరణతో చెప్పగలుగుతారు.
• ఈ రంగంలో పీహెచ్.డి. చేయదలచిన విద్యార్థి ఏయే దశలను, ఏయే కష్టాలను ఎదుర్కోవలసి ఉంటుందో తెలుసుకుంటారు.

1.1 పరిచయం

విపత్తు నిర్వహణ అనగానే మీకు ఏమి గుర్తుకు వస్తుంది? వరద నీటిలో పడవలపై వెళ్తున్న సహాయక సిబ్బంది, పునరావాస కేంద్రంలో పంచే ఆహార పొట్లాలు, కలెక్టరు కార్యాలయంలో రాత్రంతా మోగే కంట్రోల్ రూము ఫోన్లు గుర్తుకు రావచ్చు. ఇవన్నీ విపత్తు నిర్వహణలో భాగాలే. అయితే ఈ రంగంలో పీహెచ్.డి. చేసేవారు పడవ నడపడం నేర్చుకోవడానికి విశ్వవిద్యాలయంలో చేరరు. పడవ ఒక వాడకు ముందుగా, మరొక వాడకు ఆలస్యంగా ఎందుకు చేరింది అని అడగడానికి చేరతారు. సహాయక శిక్షణకూ డాక్టరేటు పరిశోధనకూ ఉన్న తేడా ఇదే.

ఈ తేడా ఒక్కరోజులో ఏర్పడలేదు. సుమారు నూరేళ్ల క్రితం వరకు విపత్తును దైవఘటనగానో, ఇంజనీర్లకు సంబంధించిన సమస్యగానో మాత్రమే చూసేవారు. మనుషులు, ప్రభుత్వాలు, సంఘాలు విపత్తులో ఎలా ప్రవర్తిస్తాయి అనేది పరిశోధించదగిన ప్రశ్న అని గుర్తించడానికి చాలా కాలం పట్టింది. ఈ చరిత్రలో ఒక విషయం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. అందరికీ తెలిసిందే అనుకున్న మాటను ఎవరో ఒకరు ఆధారాలతో పరీక్షించారు. ఆ మాట చాలాసార్లు తప్పని తేలింది. ఇది పండితుల మధ్య జరిగిన వాదన మాత్రమే కాదు. తప్పు నమ్మకం మీద వేసిన ప్రణాళిక ప్రాణాలు తీస్తుంది. ఈ భాగాన్ని చదువుతున్నంతసేపు ఈ అంశాన్ని గుర్తుంచుకోండి.

1.2 హాలిఫాక్స్ పేలుడు: తొలి సిద్ధాంత గ్రంథం

1917 డిసెంబరు 6న, మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతున్న కాలంలో, కెనడా తూర్పు తీరంలోని హాలిఫాక్స్ రేవులో రెండు నౌకలు ఢీకొన్నాయి. వాటిలో ఒకటి పేలుడు పదార్థాలతో నిండిన ఫ్రెంచి నౌక మోంట్ బ్లాంక్. రెండవది నార్వేకు చెందిన ఇమో. మోంట్ బ్లాంక్‌కు నిప్పంటుకుంది. ఓడ కాలిపోతుంటే జనం ఒడ్డుకు వచ్చి, ఇళ్ల కిటికీల దగ్గర నిలబడి చూశారు. అందులో ఏముందో వారిలో చాలామందికి తెలియదు. సుమారు ఇరవై నిమిషాల తరువాత, ఉదయం 9 గంటలు దాటగానే ఓడ పేలిపోయింది. దాదాపు 2,000 మంది మరణించారు. సుమారు 9,000 మంది గాయపడ్డారు. కిటికీ అద్దాలు పగిలి కళ్లలో గుచ్చుకోవడంతో ఎంతోమంది చూపు కోల్పోయారు. మరునాడు మంచు తుఫాను కూడా వచ్చి సహాయక చర్యలకు అడ్డుపడింది.

ఆ నగరంలోని సెయింట్ పాల్స్ చర్చిలో శామ్యూల్ హెన్రీ ప్రిన్స్ అనే మతాధికారి పనిచేస్తుండేవాడు. 1912లో టైటానిక్ మునిగినప్పుడు మృతదేహాల కోసం వెళ్లిన నౌకలలో ఒకదానిపై ఆయన కూడా వెళ్లాడు. హాలిఫాక్స్ పేలుడు ఫలితాలను దగ్గరి నుంచి చూసిన ప్రిన్స్, తరువాత న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో సామాజిక శాస్త్ర పరిశోధకుడిగా చేరాడు. 1920లో ఆయన సిద్ధాంత గ్రంథం వెలువడింది. మహావిపత్తుకు, సామాజిక మార్పుకు మధ్య ఉన్న సంబంధం దాని అంశం. విపత్తుపై సామాజిక శాస్త్ర దృష్టితో జరిగిన తొలి క్రమబద్ధమైన అధ్యయనంగా దీనిని పరిగణిస్తారు.

ప్రిన్స్ ఏమి వాదించాడు? మామూలు రోజుల్లో సమాజం అలవాట్ల మీద, ఆచారాల మీద, స్థిరపడిన సంస్థల మీద నడుస్తుంది. విపత్తు వాటిని ఒక్కసారిగా కదిలిస్తుంది. అంతవరకు గట్టిగా ఉన్నది కొంతకాలం ద్రవంలా మారుతుంది. అప్పుడు మార్పుకు దారి ఏర్పడుతుంది. అయితే ఆ మార్పు మంచికే జరుగుతుందన్న నమ్మకం లేదు. అది ఎటు వెళ్తుందన్నది నాయకత్వంపై, బయటి నుంచి వచ్చే సహాయంపై, ఆ సమాజానికి ముందునుంచి ఉన్న శక్తిపై ఆధారపడుతుంది. హాలిఫాక్స్‌లో ప్రజారోగ్యం, ఇళ్ల నిర్మాణం, సంక్షేమ సేవలలో వచ్చిన మార్పులను ఆయన ఈ దృష్టితో పరిశీలించాడు.

ప్రిన్స్ చెప్పినవన్నీ తరువాతి పరిశీలనలో నిలబడలేదు. అయినా ఆయన స్థానం తగ్గలేదు. దానికి కారణం గమనించండి. ఎంతమంది చనిపోయారు, ఎన్ని ఇళ్లు కూలాయి అన్న లెక్కతో ఆగకుండా, ఆ తరువాత సమాజానికి ఏమైంది అని ఆయన అడిగాడు. తుది సమాధానం ఇవ్వకపోయినా, ఇతరులు పరీక్షించగలిగే ప్రశ్నను ముందుంచిన సిద్ధాంత గ్రంథానికి విలువ ఉంటుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
సూచన: మీ సమాధానాన్ని నాలుగు వాక్యాలలో రాసి, పై పాఠంతో సరిచూసుకోండి.
ప్రశ్న: విపత్తు తరువాత సమాజంలో వచ్చే మార్పు దేనిపై ఆధారపడుతుందని ప్రిన్స్ భావించాడు?

1.3 గిల్బర్ట్ వైట్: వరదలు, కరకట్టలు

ప్రిన్స్ తరువాత చెప్పుకోదగిన సిద్ధాంత గ్రంథం అమెరికా భూగోళ శాస్త్రవేత్త గిల్బర్ట్ వైట్‌ది. అమెరికా ప్రభుత్వం 1936లో వరద నియంత్రణ చట్టం చేసి, ఆనకట్టలు, కరకట్టల నిర్మాణానికి పెద్ద ఎత్తున పూనుకుంది. వరద సమస్యకు పరిష్కారం నదిని అదుపు చేయడమే అన్నది అప్పటి సాధారణ అభిప్రాయం. ప్రభుత్వ ప్రణాళికా సంస్థల్లో పనిచేసిన అనుభవం ఉన్న వైట్ ఈ అభిప్రాయాన్నే ప్రశ్నించాడు. షికాగో విశ్వవిద్యాలయానికి ఆయన 1942లో సమర్పించిన గ్రంథం 1945లో ప్రచురితమైంది.

వరద రావడం ప్రకృతి వల్ల జరిగినా, వరద వల్ల కలిగే నష్టం చాలావరకు మనుషుల నిర్ణయాల ఫలితమని వైట్ చూపాడు. నది పొంగే చోట ఇల్లు కట్టుకున్నదీ, కట్టుకోనిచ్చినదీ మనుషులే. కాబట్టి కట్టడం ఒక్కటే మార్గం కాదు. ముందస్తు హెచ్చరిక, భూమి వాడకంపై నియమాలు, నీటిని తట్టుకునే నిర్మాణాలు, బీమా, అవసరమైన చోట ఖాళీ చేయడం వంటి పలు మార్గాలను కలిపి ఆలోచించాలి.

ఈ ఆలోచనను కొనసాగించిన పరిశోధకులు మరో ముఖ్యమైన విషయం గుర్తించారు. కరకట్ట కట్టగానే దాని వెనుక ఉన్న భూమి సురక్షితమన్న నమ్మకం ఏర్పడుతుంది. అక్కడ ఇళ్లు, దుకాణాలు, గోదాములు పెరుగుతాయి. చిన్న వరదలు ఆగిపోతాయి గనుక జనం వరదను మరచిపోతారు. కట్ట సామర్థ్యాన్ని మించిన వరద వచ్చిన రోజు నష్టం పూర్వం కంటే ఎక్కువగా ఉంటుంది. గోదావరి, కృష్ణా తీరాల్లో ఉండే పాఠకులకు ఈ సంగతి కొత్తగా అనిపించదు. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. అక్కడ మూడవ ప్రమాద హెచ్చరిక స్థాయి 53 అడుగులు. ఇటువంటి వరద జీవితంలో ఒకసారి వస్తే, దాని కోసం రోజూ భయపడుతూ ఎవరూ బతకలేరు. మరి సమాజం దానిని ఎలా గుర్తుంచుకోవాలి? వైట్ వేసిన దారిలో నడిచే పరిశోధకులు అడిగే ప్రశ్న ఇటువంటిది.

1.4 భయోత్పాతంపై పరిశోధన

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత అమెరికా, సోవియట్ యూనియన్‌ల మధ్య ప్రచ్ఛన్న యుద్ధం మొదలైంది. తమ నగరాలపై అణుబాంబు పడితే పౌరులు ఎలా ప్రవర్తిస్తారన్న ప్రశ్న అమెరికా అధికారులను వేధించింది. జనం భయంతో పిచ్చెత్తినట్లు పరుగెడతారని, ఒకరినొకరు తొక్కుకుంటారని, దోపిడీలకు దిగుతారని చాలామంది అనుకున్నారు. బాంబు దాడిని ప్రయోగం చేసి చూడలేరు. కాబట్టి శాంతికాలంలో జరిగే విపత్తులను అధ్యయనం చేయాలని నిర్ణయించారు. 1950ల తొలి సంవత్సరాల్లో షికాగో విశ్వవిద్యాలయానికి అనుబంధమైన జాతీయ అభిప్రాయ పరిశోధన కేంద్రం ఈ పని చేపట్టింది. సుడిగాలులు, పేలుళ్లు, విమాన ప్రమాదాలు జరిగిన చోట్లకు పరిశోధకులు వెళ్లి బాధితులను ఇంటర్వ్యూ చేశారు. నిధులు వచ్చింది సైన్యం నుంచి అన్నది గమనించవలసిన విషయం.

ఆ బృందంలో పనిచేసిన విద్యార్థి ఎన్రికో క్వారంటెల్లి. ఆయన భయోత్పాతాన్ని తన పరిశోధనాంశంగా ఎంచుకున్నాడు. కానీ వెతికిన కొద్దీ అసలైన భయోత్పాతానికి ఉదాహరణలు అరుదుగానే దొరికాయి. బయటపడే దారి మూసుకుపోతోందని, ఇంకెవరూ ఆదుకోరని మనిషికి అనిపించే కొన్ని ప్రత్యేక పరిస్థితుల్లో అది జరగవచ్చు. మిగిలిన చాలా సందర్భాల్లో జనం భయపడతారు గాని తెలివి కోల్పోరు. ముందు తమ కుటుంబాన్ని, తరువాత పొరుగువారిని వెతుకుతారు. శిథిలాల కింద ఉన్నవారిని మొదట బయటకు తీసేది చాలావరకు ఇరుగుపొరుగువారే. అధికారిక సహాయక బృందాలు ఆ తరువాత చేరుకుంటాయి.

క్వారంటెల్లి, రస్సెల్ డైన్స్, యూజీన్ హాస్ కలిసి 1963లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో విపత్తు పరిశోధన కేంద్రాన్ని స్థాపించారు. 1964 మార్చిలో అలాస్కాలో వచ్చిన పెను భూకంపం ఆ కేంద్రం తొలి సంవత్సరాల్లో అధ్యయనం చేసిన ముఖ్య సంఘటనల్లో ఒకటి. విపత్తు జరిగిన వెంటనే టేపు రికార్డర్లతో బయలుదేరే పరిశోధక విద్యార్థుల బృందాలకు ఈ కేంద్రం పేరు పొందింది. వారిలో పలువురు ఆ సమాచారంతోనే డాక్టరేట్లు పొందారు. 1985లో ఈ కేంద్రం డెలావేర్ విశ్వవిద్యాలయానికి మారింది.

ఈ పరిశోధన ఫలితాలు గ్రంథాలయాల్లో ఉన్నా, పాలకుల ఆలోచనలో ఎంతవరకు చేరాయి? 2005 ఆగస్టు చివరలో కత్రినా తుఫాను తరువాత అమెరికాలోని న్యూఆర్లీన్స్ నగరం నీట మునిగింది. దోపిడీలు, హత్యలు విచ్చలవిడిగా జరుగుతున్నాయని టీవీల్లో, పత్రికల్లో వార్తలు వచ్చాయి. ఇళ్ల కప్పుల మీద జనం సహాయం కోసం ఎదురుచూస్తుండగానే, నగర పోలీసులను గాలింపు, రక్షణ పనుల నుంచి తప్పించి దోపిడీలను అరికట్టడానికి పంపారు. సెప్టెంబరు 4న డాన్జిగర్ వంతెన మీద పోలీసులు నిరాయుధులైన పౌరులపై కాల్పులు జరిపారు. ఇద్దరు మరణించారు. ఆ రోజుల్లో వచ్చిన హింస వార్తల్లో చాలా భాగం అతిశయోక్తులని తరువాత తేలింది. జనం విపత్తులో అదుపు తప్పుతారన్న నమ్మకాన్ని పరిశోధకులు అర్ధ శతాబ్దం ముందే పరీక్షించి, సరికాదని చూపారు. అయినా అదే నమ్మకం మీద నిర్ణయాలు జరిగాయి. పరిశోధన ఎందుకు అవసరమో, పరిశోధన ఒక్కటే ఎందుకు చాలదో ఈ ఒక్క ఉదాహరణ తెలుపుతుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
సూచన: మీ సమాధానాన్ని అయిదు వాక్యాలలో రాయండి.
ప్రశ్న: భయోత్పాతం గురించి ఉన్న సాధారణ అభిప్రాయానికీ, క్వారంటెల్లి పరిశోధన ఫలితాలకూ తేడా ఏమిటి?

1.5 దివిసీమ ఉప్పెన: దుర్బలత్వం అనే భావన

ఇంతవరకు మనం చూసిన పరిశోధన ఉత్తర అమెరికాలో జరిగింది. ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా దేశాల్లో విపత్తుల వల్ల మరణించేవారి సంఖ్య చాలా ఎక్కువ. దీనికి కారణం ఆ ప్రాంతాల్లో గాలి, నీరు మరింత ఉధృతంగా ఉండడమేనా? 1970లలో కొందరు పరిశోధకులు ఈ ప్రశ్న లేవనెత్తారు. ఫిల్ ఒకీఫ్, కెన్ వెస్ట్‌గేట్, బెన్ విస్నర్ 1976లో ప్రచురించిన వ్యాసంలో, ప్రకృతి వైపరీత్యాలను పూర్తిగా ప్రకృతికే అంటగట్టడం సరికాదని వాదించారు. ముప్పు ప్రకృతి నుంచి రావచ్చు. అది విపత్తుగా మారేది పేదరికం, అసమానత, అభివృద్ధి తీరు వల్ల అన్నది వారి వాదన సారం.

మరుసటి సంవత్సరమే మన తీరంలో మహావిషాదం జరిగింది. 1977 నవంబరు 19న ఆంధ్ర తీరాన్ని తాకిన తుఫానుతో కృష్ణా జిల్లా దివిసీమలోకి సముద్రం ఉప్పెనగా దూసుకువచ్చింది. ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. అధికారిక లెక్కల ప్రకారమే మృతులు సుమారు 10,000 మంది. ఈ విషాదంపై రాజనీతి శాస్త్రవేత్త స్టీఫెన్ కోహెన్, ఆచార్య సి.వి. రాఘవులు కలిసి చేసిన అధ్యయనం 1979లో పుస్తకంగా వచ్చింది. సామూహిక మరణం ఎదురైనప్పుడు వ్యక్తులు, సంస్థలు ఎలా స్పందించాయి అన్నది దాని అంశం. తరువాత బ్రిటిష్ పరిశోధకుడు పీటర్ వించెస్టర్ కృష్ణా డెల్టాలోని కుటుంబాలను చాలాకాలం పరిశీలించి 1992లో ఒక గ్రంథం ప్రచురించాడు.

ఈ రకమైన పరిశోధన చూపిన సత్యాన్ని ఒక ఊహాజనిత ఉదాహరణతో అర్థం చేసుకోవచ్చు. ఒకే ఊళ్లో రెండు కుటుంబాలు ఉన్నాయనుకోండి. మొదటిదానికి పక్కా ఇల్లు, కొంత పొలం, లారీ, పట్నంలో బంధువులు ఉన్నారు. రెండవదానికి పూరిల్లు, కౌలుకు తీసుకున్న కొద్దిపాటి చేను, ఒక ఎద్దు ఉన్నాయి. తుఫాను రెండు కుటుంబాలకూ ఒక్కటే. హెచ్చరిక విన్న మొదటి కుటుంబం లారీ ఎక్కి వెళ్లిపోతుంది. రెండవ కుటుంబానికి హెచ్చరిక అందినా వెళ్లడానికి దారి లేదు. వెళ్తే ఎద్దును ఎవరు చూస్తారు? నీరు తీసిన తరువాత మొదటి కుటుంబానికి బ్యాంకు అప్పు దొరుకుతుంది. రెండవ కుటుంబం ఎక్కువ వడ్డీకి చేబదులు తెచ్చుకుంటుంది, లేదా వలస పోతుంది. మరుసటి తుఫాను నాటికి ఆ కుటుంబం ఇంకా బలహీనంగా ఉంటుంది. ముప్పుకు గురై, దానిని తట్టుకొని, తిరిగి కోలుకునే శక్తిలో ఉన్న ఈ లోటునే దుర్బలత్వం అంటారు. పియర్స్ బ్లెయికీ, టెర్రీ కానన్, ఇయాన్ డేవిస్, బెన్ విస్నర్ 1994లో ప్రచురించిన ప్రసిద్ధ గ్రంథం ఈ భావనను స్థిరపరచింది. అందులో ఆంధ్ర తుఫానుల ప్రస్తావన కూడా ఉంది.

1990 మే నెలలో కృష్ణా ముఖద్వారానికి సమీపంలో మరో తీవ్ర తుఫాను తీరం దాటింది. ఈసారి లక్షలాది మందిని ముందుగానే సురక్షిత ప్రాంతాలకు తరలించారు. మృతుల సంఖ్య వెయ్యి లోపే ఉంది. రెండు తుఫానులు అన్ని విధాలా ఒకటి కావు గనుక ఈ సంఖ్యలను నేరుగా పోల్చడంలో జాగ్రత్త అవసరం. అయినా హెచ్చరిక, తరలింపు, ఆశ్రయం ఉంటే మరణాలు తగ్గుతాయన్నది స్పష్టం. ప్రాణాలు దక్కినవారి జీవనాధారం ఏమైంది అన్నది మాత్రం వేరే ప్రశ్న. మృతుల లెక్క తగ్గితే ఆ ప్రశ్న దానంతట అది తీరదు.

1.6 ప్రత్యేక అధ్యయన రంగంగా ఎదుగుదల

చాలాకాలం విపత్తుపై డాక్టరేటు చేయాలంటే సామాజిక శాస్త్రం, భూగోళ శాస్త్రం, ప్రభుత్వ పాలనాశాస్త్రం వంటి విభాగాల్లో ఏదో ఒకదానిలో చేరవలసి వచ్చేది. అమెరికాలో 1979లో సమాఖ్య అత్యవసర నిర్వహణ సంస్థ ఏర్పడింది. 1983లో నార్త్ టెక్సస్ విశ్వవిద్యాలయం ఈ విషయంలో డిగ్రీ కోర్సు ప్రారంభించింది. 1994 నుంచి సమాఖ్య సంస్థ కళాశాలల్లో ఇటువంటి కోర్సులను ప్రోత్సహించింది. తరువాత నార్త్ డకోటా స్టేట్ వంటి విశ్వవిద్యాలయాలు అత్యవసర నిర్వహణలోనే పీహెచ్.డి. ఇవ్వడం మొదలుపెట్టాయి.

మన దేశంలో 1999 ఒడిశా సూపర్ సైక్లోన్, 2001 భుజ్ భూకంపం, 2004 డిసెంబరు 26 సునామీ వెంటవెంటనే వచ్చాయి. 2005లో పార్లమెంటు విపత్తు నిర్వహణ చట్టం చేసింది. జాతీయ, రాష్ట్ర, జిల్లా స్థాయిలలో విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థలకు ఈ చట్టం రూపం ఇచ్చింది. శిక్షణ, పరిశోధనల కోసం జాతీయ విపత్తు నిర్వహణ సంస్థకు చట్టబద్ధత లభించింది. టాటా సామాజిక శాస్త్రాల సంస్థ వంటి విద్యాసంస్థలు విపత్తు అధ్యయనాలకు ప్రత్యేక కేంద్రాలు నెలకొల్పాయి. అయినా నేటికీ మన విశ్వవిద్యాలయాల్లో ఎక్కువమంది ఈ అంశంపై పాత విభాగాల నుంచే పరిశోధన చేస్తున్నారు. అది లోపమేమీ కాదు. వైట్ భూగోళ శాస్త్రం నుంచి, ప్రిన్స్ సామాజిక శాస్త్రం నుంచి వచ్చినవారే.

1.7 పరిశోధక విద్యార్థికి ఎదురయ్యేవి

పై చరిత్ర ఆధారంగా, ఈ రంగంలో పీహెచ్.డి. చేయదలిస్తే మీకు ఏమి ఎదురవుతుందో ఇప్పుడు చూద్దాం.

అ) అర్హత, కాలవ్యవధి: విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022 నిబంధనల ప్రకారం, పీహెచ్.డి.కి కోర్సు వర్కుతో కలిపి కనీసం మూడేళ్లు, సాధారణంగా గరిష్ఠంగా ఆరేళ్లు పడుతుంది. పి.జి. పూర్తి చేసినవారే కాక, నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం మార్కులు పొందినవారు కూడా అర్హులే. ఉద్యోగం చేస్తున్నవారు తమ కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకొని పార్ట్‌టైముగా చేరవచ్చు. గుర్తింపు ఉన్న సార్వత్రిక విశ్వవిద్యాలయంలో పొందిన మీ డిగ్రీ ఇతర డిగ్రీలతో సమానమే. దూరవిద్యలో చదివాం గనుక పరిశోధన మనకు కాదని వెనుకాడవలసిన పని లేదు.

ఆ) ప్రశ్న చిన్నదవుతుంది: చేరేనాడు మీ మనసులో "వరదల వల్ల నష్టాన్ని తగ్గించడం ఎలా?" అన్నంత పెద్ద ప్రశ్న ఉండవచ్చు. మొదటి సంవత్సరంలో మీ పర్యవేక్షకులు దానిని చిన్నది చేయమంటారు. భద్రాచలంలో మొదటి హెచ్చరిక 43, రెండవది 48, మూడవది 53 అడుగుల వద్ద ఇస్తారు. లోతట్టు కాలనీలో ఉండే కూలీ కుటుంబం ఈ మూడు అంకెల నుంచి ఏమి అర్థం చేసుకుంటుంది? ఏ అంకె విన్నప్పుడు సామాను సర్దుతుంది? సర్దకపోతే ఎందుకు? ఇది పరిశోధించగల ప్రశ్న. ప్రశ్న చిన్నదైనందుకు నిరాశ పడకండి. క్వారంటెల్లి అడిగింది భయోత్పాతం గురించి ఒక్క ప్రశ్నే.

ఇ) చేజారిపోయే ఆధారాలు: విపత్తు పరిశోధనలో కొన్ని ఆధారాలు త్వరగా మాయమవుతాయి. గోడ మీద నీటి మరక సున్నంతో పోతుంది. ఫోన్లోని వాయిస్ సందేశం చెరిగిపోతుంది. మనిషి జ్ఞాపకం పదిమంది చెప్పిన కథలతో కలిసిపోతుంది. మరికొన్ని ఆధారాలు నెమ్మదిగా గాని బయటపడవు. అప్పులు, వలసలు, పిల్లల చదువు ఆగిపోవడం వంటివి తెలియడానికి ఏళ్లు పడుతుంది. ఏ ఆధారం ఎప్పుడు సేకరించాలో ముందే ఆలోచించాలి. తహసీల్దారు కార్యాలయంలోని రికార్డు, పత్రికల పాత సంచికలు, బాధితుల మాట, మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. అవి ఒకదానితో ఒకటి విభేదించినప్పుడు కంగారుపడకండి. ఆ విభేదం వెనుక చాలాసార్లు అసలు విషయం ఉంటుంది.

ఈ) నైతిక బాధ్యత: బిడ్డను పోగొట్టుకున్న తల్లి మీ ప్రశ్నావళిలో ఒక వరుస సంఖ్య కాదు. ఆమెకు మాట్లాడకుండా ఉండే హక్కు ఉంది. మాట్లాడుతూ మధ్యలో ఆపే హక్కు ఉంది. మీరు ప్రభుత్వం తరఫున నష్టపరిహారం రాయడానికి వచ్చారని ఆమె అనుకుంటే, ఆ అపోహను మొదటే తొలగించాలి. లేకపోతే ఆమె చెప్పేది పరిహారం కోసం చెప్పే మాట అవుతుంది. అది ఆమెకు అన్యాయం, మీ పరిశోధనకు నష్టం. పేర్లు, ఆనవాళ్లు బయటపెట్టకూడదు. ఇటువంటి మాటలు నెలల తరబడి వినడం మీ మనసు మీద కూడా భారం వేస్తుంది. దానిని బలహీనతగా భావించకుండా పర్యవేక్షకులతో, సహాధ్యాయులతో పంచుకోవాలి.

ఉ) ఒంటరితనం, సమీక్షలు: కోర్సు వర్కు ముగిసిన తరువాత తరగతులు ఉండవు. ప్రతి సెమిస్టరులో పరిశోధన సలహా సంఘం ముందు పురోగతి చూపాలి. చాలా రోజులు మీరు, మీ నోటు పుస్తకాలు మాత్రమే ఉంటారు. దూరవిద్య విద్యార్థిగా ఒంటరిగా చదివే అలవాటు మీకు ఇప్పటికే ఉంది. ఈ విషయంలో అది మీకు బలమే. చివరకు బయటి పరీక్షకులు మీ గ్రంథాన్ని చదువుతారు. తరువాత బహిరంగ మౌఖిక పరీక్ష జరుగుతుంది. "ఈ మాటకు ఆధారం ఏమిటి?" అన్న ప్రశ్న అక్కడ తప్పక వస్తుంది.

ఊ) అధికారంతో సంబంధం: విపత్తు పరిశోధన చాలాసార్లు ఎవరో ఒకరి నిర్ణయం సరిగా లేదని చెప్పవలసి వస్తుంది. సమాచారం ఇచ్చిన కార్యాలయానికి ఆ ఫలితం నచ్చకపోవచ్చు. నిందించడానికి కాక, మరోసారి ప్రాణనష్టం జరగకుండా ఉండడానికి రాస్తున్నామన్న దృష్టి అవసరం. ఆధారం ఉన్నంత వరకే చెప్పాలి. ఆధారం ఉన్నప్పుడు చెప్పకుండా ఉండకూడదు.

1.8 సారాంశం

విపత్తులపై డాక్టరేటు పరిశోధన హాలిఫాక్స్ పేలుడు తరువాత ప్రిన్స్ రాసిన 1920 నాటి గ్రంథంతో రూపు దిద్దుకుంది. వరద నష్టంలో మనుషుల నిర్ణయాల పాత్రను గిల్బర్ట్ వైట్ చూపాడు. విపత్తులో జనం అదుపు తప్పుతారన్న నమ్మకం చాలావరకు సరికాదని క్వారంటెల్లి, ఆయన సహచరులు నిరూపించారు. దివిసీమ వంటి అనుభవాల నుంచి దుర్బలత్వం అనే భావన బలపడింది. 2005 చట్టం తరువాత మన దేశంలో ఈ రంగానికి సంస్థాగత రూపం వచ్చింది. ఈ రంగంలోకి వచ్చే విద్యార్థి చిన్న ప్రశ్నకు, దీర్ఘమైన ఓపికకు, బాధితుల పట్ల గౌరవానికి సిద్ధపడాలి. మీ ఊరిలో వరదనో తుఫానునో చూసిన పెద్దలు ఉంటే, వారు చెప్పేది రాసుకోవడం ఈరోజే మొదలుపెట్టవచ్చు. దానికి ప్రవేశ పరీక్ష అవసరం లేదు.

1.9 ముఖ్య పదాలు

ముప్పు: ప్రాణాలకు, ఆస్తులకు హాని కలిగించగల సహజ లేదా మానవ కారక పరిస్థితి.
విపత్తు: ముప్పు వల్ల సమాజం తన సొంత శక్తితో తట్టుకోలేనంత నష్టం జరగడం.
దుర్బలత్వం: ముప్పును తట్టుకొని తిరిగి కోలుకునే శక్తిలో ఉన్న లోటు.
ఉప్పెన: తుఫాను గాలుల వల్ల సముద్రపు నీరు ఎత్తుగా తీరం మీదికి చొచ్చుకురావడం.
భయోత్పాతం: భయంతో వివేచన కోల్పోయి, ఇతరులను పట్టించుకోకుండా పారిపోవడం.

1.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు సుమారు 30 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. విపత్తులు విశ్వవిద్యాలయ పరిశోధనకు అంశంగా మారిన చారిత్రక క్రమాన్ని వివరించండి.
2. దుర్బలత్వం అనే భావనను దివిసీమ ఉప్పెన నేపథ్యంలో చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు సుమారు 15 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. కరకట్టల వల్ల కలిగే రక్షణ, ప్రమాదాలను గిల్బర్ట్ వైట్ ఆలోచనల వెలుగులో పరిశీలించండి.
2. కత్రినా తుఫాను అనుభవం పరిశోధనకూ పాలనకూ మధ్య ఉన్న దూరాన్ని ఎలా తెలుపుతుంది?
3. మీ ప్రాంతంలో జరిగిన ఒక విపత్తును ఎంచుకొని, దానిపై పరిశోధించగల ఒక చిన్న ప్రశ్నను రూపొందించి, దానికి కావలసిన ఆధారాలను పేర్కొనండి.